పడవకి కట్టించిన గూడు

అరవదేశంలో ఉన్న మా రాజపాళయం నుంచి సముద్రానికి కారులో సగం రోజు ప్రయాణం. ఊళ్ళో ఈత కొట్టాలంటే తోట బావులు, చేపలు పట్టాలంటే చెరువు. చెరువును మేం కణ్మాయి అంటాం. అలాంటి ఊళ్ళో ఉంటూ మా నాయన మోటారు పడవ కొనాలనుకున్నాడు. అరవైల మొదట్లో సంగతి, నాకప్పుడు పదిహేనేళ్ళు. ఆయనకు పిచ్చి పట్టిందని ఎవరూ అనలేదు. ఆయనకు జిన్నింగు మిల్లు ఉంది. మిల్లున్న మనిషికి పట్టేదాన్ని మా ఊళ్ళో యోచన అంటారు.

దూది పనిమీద నాయన నెలకోసారి తూత్తుకుడి పోయేవాడు. అక్కడ ఎవరో ఆయన్ను పడవెక్కించుకుని పోయి, కళ్ళముందే వంజరం చేపను లాగి చూపించారు. అంతే, మనిషి మనిషిగా తిరిగి రాలేదు. అయితే చేపల కోసం పడవంటే మా అవ్వ, నాయన తల్లి, ఒప్పుకోదు. అందుకని నాయన ఇంట్లో ఆ మాట ఎత్తనే లేదు. "ఇంటిల్లిపాదీ సెలవుల్లో షికారు పోవచ్చు" అన్నాడు.

ఆ మాట ఆయన ఊరికే అన్నాడు. మా అమ్మ మాత్రం నిజంగానే విన్నది.

మా తెలుగు రాజుల ఇళ్ళలో ఆడవాళ్ళు వీధిలోకి పోవాలంటే గూడుబండి, దానికి తెర. కార్లొచ్చాక కారుకీ తెర కట్టారు. అమ్మ ఒకేసారి సముద్రానికి పోయింది, తిరుచెందూరు మొక్కుకి. అప్పుడు చుట్టూ నలుగురు చీరలు పట్టుకుని నిలబడితే మధ్యలో మూడు మునకలు వేసింది. ఆ చీరల మధ్య ఎంత కనిపించిందో అంతే ఆమె చూసిన సముద్రం. పడవ మాట వచ్చిన రోజు పప్పు చెరుగుతూ నాతో అన్నది: "చచ్చేలోగా ఒక్కసారి ఆ నీళ్ళ నడుమ కూర్చోని చుట్టూ చూడాల పాపా. ఇంకేం అడగను." అంతకు ముందు కూడా ఆమె ఏమీ అడగగా నేను చూడలేదు.

అవ్వ ఒకే షరతు పెట్టింది. "చాటు లేని దాంట్లో మా కోడలు ఎక్కదు."

ఇక పడవలు చూడటం మొదలయింది. నాయనకు తోడు మా మామ, అమ్మ తమ్ముడు. మామకు పడవల గురించి ఏమీ తెలియదు, ఇంజన్ల గురించి అన్నీ తెలుసు. మొదటి పడవకు ఇంజను వెనక బయట వేలాడుతోందట. "వానలో తడిసే ఇంజను ఏం ఇంజను బావా?" అని కొట్టేసినాడు. రెండోది రేవులో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పాత లాంచి. దానికి గది ఉంది, గదికి కిటికీలున్నాయి, కానీ వల పరవడానికి చోటు లేదు. అది ఇంట్లోవాళ్ళకు చాలా బాగుంటుంది కాబట్టి నాయన వద్దన్నాడు. మూడోది ఒక ముసలి జాలరి అమ్మజూపిన కొత్త పలకల పడవ. నడుమ డీసెల్ ఇంజను, ముందంతా బయలు. మామ ఒక కర్రను ఇంజను మీద ఆనించి, రెండో కొస చెవిలో పెట్టుకుని, కళ్ళు మూసుకుని విని, "మన మిల్లు ఇంజనుకంటే మేలుగా ఉండాది" అని తేల్చినాడు. అది నీళ్ళలో నిలుస్తుందా అని ఇద్దరిలో ఎవరూ అడగలేదు. "మీకు ఈత వచ్చునా?" అని ఆ జాలరే అడిగితే, "మా బావిలో బాగా వచ్చు" అన్నాడట నాయన.

ఆ పడవే కొన్నారు. అన్నీ సరే, గూడు లేదు. దానికేం, మన ఆశారి ఉన్నాడు కదా అన్నారు. ఆశారి అంటే మా వడ్రంగి, మా గూడుబండి కట్టినవాడు. అతను సముద్రం చూడలేదు గానీ టేకు చూశాడు. నాలుగు వైపులా చెక్క జాలీ, లోపల బల్ల, తెరకు ఇత్తడి కడ్డీ. అవ్వ రెండుసార్లు వచ్చి జాలీ సందులో కన్ను పెట్టి చూసింది, రెండుసార్లూ సందులు తగ్గించమన్నది. నాకు ఒళ్ళు మండిపోయింది. గూడును గోనెపట్టలో చుట్టి లారీలో పంపించారు.

మేము వెనక కారులో పోయాం, నాయనా, మామా, అమ్మా, నేనూ. మోకాళ్ళ నొప్పులని అవ్వ రాలేదు. ఒడ్డున ఆ గూడును చూసి ముసలి జాలరి టోపీ తీశాడు. "ఇది ఏ మాతాకి మొదలాళీ?" అని అరవంలో అడిగాడు. వాళ్ళ చర్చి మాతను ఊరేగించే రథం అనుకున్నాడు పాపం. మొదలాళి అంటే యజమాని. యజమాని గొంతు సవరించుకుని, "మా ఇంటి ఆడవాళ్ళకి" అన్నాడు. జాలరి టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు.

పడవ మీద గూడు బిగించారు. అమ్మా నేనూ లోపల కూర్చున్నాం. లోపల చీకటి, వార్నిషు వాసన, జాలీలోంచి వచ్చే చుక్కలు చుక్కలు వెలుగు. పడవను మొలలోతు నీళ్ళలోకి తోశారో లేదో, నెమ్మదిగా ఎడమకు వాలింది. వాలి అక్కడ ఆగలేదు. నీళ్ళు అంచు దాటి మా ఒళ్ళోకి వచ్చాయి. నేను "అమ్మో!" అని ఊరంతా వినేలా అరిచాను. నలుగురు పట్టుకుని ఒడ్డుకు లాగారు.

"పైన ఇంత బరువుంటే చిన్న గాలికే బోర్లా పడతాది" అన్నాడు జాలరి. "ఈ పెట్టె పోవాల, లేకపోతే ఆడవాళ్ళు ఒడ్డునే ఉండాల."

నెలల తరబడి తెగని సంగతిని నాయన ఒక్క నిమిషంలో తేల్చేశాడు. "సరి. మీరు కార్లో కూర్చోండి. మేము ఒక చుట్టు చుట్టుకోని వస్తాము."

నాకు ఏడుపొచ్చింది. అమ్మ తడిసిన కుచ్చిళ్ళు పిండుకుంటూ నిలబడింది. పరాయి మగవాళ్ళ ముందు ఆమె గొంతు నేనెన్నడూ వినలేదు. అప్పుడు విన్నాను.

"ఆ గూడు తీసేయమనండి."

"మా అమ్మకేం చెప్పేది?" అన్నాడు నాయన. నలభై ఏళ్ళ మనిషి, మిల్లు యజమాని.

"అత్తకు నేను చెప్తాను. మీరు గాలం చూసుకోండి."

గూడు ఇసుకలో దిగింది. అమ్మ ముందు భాగంలో, బయలులో, చేపల గంప బోర్లించుకుని దాని మీద కూర్చుంది. ఒడ్డు సన్నబడింది, ఆ తర్వాత లేదు. కొంగు జారి భుజం మీద పడింది, ఆమె సర్దుకోలేదు. చెయ్యి నీళ్ళలో పెట్టి, ఒకసారి ఇటు, ఒకసారి అటు, ఒకసారి పూర్తిగా వెనక్కి తిరిగి చూసింది. ఒక అల మొహాన కొడితే నోరు తెరిచి నవ్వింది. మా అమ్మకు అన్ని పళ్ళున్నాయని నాకు అప్పుడే తెలిసింది. ఎంత సంతోషమయిందో చెప్పలేను. నాయనకు వేలంత చేప ఒకటి పడింది. మా కణ్మాయిలో అంతకంటే పెద్దవి పడతాయి.

ఇంటికి వచ్చేసరికి అవ్వ నడవలో కాచుకుని ఉంది. "గూడు బాగుండెనా?" అన్నది. మామ అబద్ధానికి నోరు తెరిచాడు. నాయన తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు.

"గూడు ఒడ్డునే ఉండిపోయింది అత్తా" అన్నది అమ్మ. "అది పెడితే పడవ మునగతాదని అన్నారు. నేను బయటే కూర్చుంటిని."

ఇక అయిపోయింది అనుకున్నాను. అవ్వ చాలాసేపు అమ్మ మొహమే చూసింది. ఎండకు ఎర్రబడి, ఉప్పు ఆరి చారలు కట్టిన మొహం.

"ఎంత మంది చూసినారు?"

"నీళ్ళ మీద పడవతను ఒక్కడే. అతను నీళ్ళనే చూస్తా ఉన్నాడు."

"నడుమకు పోతే గట్టు కనపడదా?"

"కనపడదు అత్తా. అన్ని పక్కలా నీళ్ళే."

అవ్వ గోడ పట్టుకుని లేచి, రెండడుగులు వేసి ఆగింది. మా వైపు తిరగలేదు.

"ఆ గూడు లేకపోతే, పడవలో ఇంకొకరికి చోటు ఉండాదా?" అన్నది.