రెండు వందల ఏడో బిళ్ళ

నేను చెప్పే మాటల్లో సగం తీసేసి వినడం మా హట్టి ఊళ్ళో అందరికీ అలవాటు. తప్పు వాళ్ళది కాదు. బతికున్న హెడ్మాస్టరు పోయారని చెప్పి బడికి సెలవు ఇప్పించిన ఘనుణ్ణి నేను. ఆ దెబ్బకి ఎనిమిదో తరగతిలోనే బడి నన్ను వదిలేసింది. కానీ ఈ ఒక్క రాత్రి సంగతి మాత్రం సగం తీయకుండా వినండి. మా అమ్మ కనుబొమ మీది కుట్ల మీద ఒట్టు... ఇది జరిగింది. నాకే జరిగింది.

ఆ కుట్ల దగ్గరే మొదలుపెడతాను. ముదగల్ దారిలో మాకు రెండెకరాల కంది చేను ఉంది. విత్తనాలు మా రైతు సంఘం ఇస్తుంది. ముందు టోకెన్ తీసుకోవాలి. టోకెన్ కోసం గోదాము ముందు రాత్రి మూడు గంటలకే లైను. అంతసేపు ఎవరు నిలబడతారు... చెప్పులు విడిచి వరసలో పెట్టి, పక్కన కూర్చుంటారు. చెప్పులు ఎక్కడుంటే మనిషి అక్కడ ఉన్నట్టే లెక్క. రెండేళ్ల కిందట షట్టరు లేవగానే తోపులాట అయింది. అమ్మ తన చెప్పుల కోసం వంగింది. మళ్ళీ తనంతట తను లేవలేదు. ఐదు కుట్లు పడ్డాయి.

మా అక్క మొగుడు ఈరన్న బావ ఆ సంఘానికి సెక్రటరీ. పోయిన ఏడు ఆయన దగ్గరికెళ్ళి చెప్పాను, లైను తీసేద్దాం, ఫోనులోనే టోకెన్ ఇద్దాం, ఆ సైటు నేనే చేస్తానని.

"హౌదా, నిజంగనా? నువ్వు ఎనిమిది ఫెయిలు గదరా తిమ్మా," అన్నాడు బావ.

"నువ్వు డిగ్రీ పాసై సంచులు మోస్తున్నవ్. నేను ఫెయిలై కంప్యూటర్ మోస్తున్న. ఎవరి బరువు వాళ్ళది బావా."

నాకు బజార్లో చిన్న జిరాక్సు, ఆన్‌లైన్ దుకాణం. దుకాణమంటే మా ఇంటి ముందుగదే. రాత్రుళ్ళు వీడియోలు చూసి ఈ పని నేర్చుకున్నాను. సైటు చేశాను. దాన్ని నడిపే సర్వరు కూడా ఎక్కడో లేదు, నా బల్ల కింద ఉన్న పాత కంప్యూటరే. నేను చెప్పే రాత్రికి మరునాడు పొద్దున ఏడు గంటలకు టోకెన్లు మొదలు. ఐదు వందల మంది ఒకేసారి మీద పడితే అది తట్టుకుంటుందా... అది తేలాలి. రాత్రే తేలాలి. ఎందుకంటే అమ్మకి నా మీద నమ్మకం లేదు. చెప్పులు తుడిచి గడప దగ్గర పెట్టుకుంది.

"నీ మిషన్ పని చేస్తే మంచిదే కొడుకా. చెయ్యకుంటే నేను మూడు గంటలకు లేచి పోత. నన్ను ఆపకు."

అంటే మూడు గంటల్లోపు నేను తేల్చి చెప్పాలి. లేకపోతే ఆ కనుబొమతో మళ్ళీ ఆ లైనులోకి పోతుంది.

దీన్ని పరీక్ష చేయడానికి ఒక సాధనం ఉంది. బొమ్మలుండవు, బటన్లుండవు. తెరమీద నల్లటి కిటికీ, అందులో ఒక్క లైను టైపు చేయడం. మొత్తం ఎన్ని పిలుపులు పంపాలి, ఒకేసారి ఎన్ని పంపాలి, ఏ సైటుకి... అంతే. ఎంటర్ నొక్కితే ఐదు వందల మంది ఒకేసారి తలుపు తట్టినట్టు సర్వరు మీద పడుతుంది. చివర్న చిట్టీ ఇస్తుంది. ఇన్ని పంపాను, ఇన్ని జవాబులు తిరిగొచ్చాయి, ఇంతసేపు పట్టింది. పేర్ల ఫైలు ఇస్తే ఒక్కొక్క పిలుపుకి ఒక్కొక్క పేరు వాడుకుంటుంది.

ఐదు వందల పేర్లు ఎక్కడివి? నాకు బద్ధకం. అల్మారాలో మా నాయన పొడుగు నోటుబుక్కు ఉంది. అది తీశాను.

అదే నేను చేసిన తప్పు.

మా నాయన హట్టి బంగారు గనిలో బిళ్ళల కిటికీ దగ్గర కూర్చునేవాడు. కిందికి దిగే ప్రతి మనిషికీ నంబరున్న ఇత్తడి బిళ్ళ ఒకటి ఇస్తాడు. షిఫ్టు అయి పైకొచ్చినవాడు ఆ బిళ్ళను కిటికీ పలక మీద కొడతాడు. టక్. నాయన తీసి మేకుకు తగిలిస్తాడు. మేకులన్నీ నిండితేనే ఇంటికి. ఎవరి నంబరు ఏదో గుర్తుకోసం ఇంట్లో ఆ నోటుబుక్కులో రాసుకునేవాడు. చిన్నప్పుడు నేను రాత్రి బువ్వ గిన్నె పట్టుకెళ్ళేవాణ్ణి. ఒకసారి అడిగాను, ఒక బిళ్ళ తక్కువైతే ఏం చేస్తావని.

"కూసుంట. జర ఆలస్యమైతది, అంతే. ఒస్తడు."

"ఒకటి ఎక్కువైతే?"

నవ్వించడానికే అడిగాను. ఆయన నోటి దగ్గరి ముద్ద దింపేశాడు.

"ఎక్కువైతే మళ్ళ లెక్కవెట్టొద్దు."

అంతకుమించి చెప్పలేదు. నాలుగేళ్ల కిందట షుగరుతో ఇంట్లోనే పోయాడు. ఇక చెప్పడు కూడా.

ఆ నోటుబుక్కులో రెండు వందల ఏడో నంబరు ఎదురుగా పేరు లేదు. ఏ పేజీలోనూ లేదు. అదీ చిన్నప్పుడు అడిగాను. "ఖాళీ అనకు. ఎవరికీ ఇయ్యం, అంతే. నా కంటె ముందు కూసున్నోడు గూడ ఇయ్యలె," అన్నాడు. పేర్లన్నీ టైపు చేస్తూ అక్కడికొచ్చాను. ఖాళీ వదిలితే సైటు తీసుకోదు, పేరు తప్పనిసరి. నా చేతికి కుదురెక్కడ... తిమ్మప్ప అని నా పేరు కొట్టాను. నవ్వుకున్నాను కూడా. నాయన ఇయ్యని బిళ్ళ నేనే తీసుకున్నానని.

పన్నెండు దాటింది. అమ్మ లోపల గురక పెడుతోంది. ఎంటర్ నొక్కాను.

బల్ల కింద ఫ్యాను లేచింది. గుర్ర్... తెరమీద అంకెలు పరిగెత్తాయి. వంద. రెండు వందలు. నాలుగు వందలు. నాలుగు వందల తొంభై తొమ్మిది.

ఆగింది.

ముప్పై సెకన్లు చూసి ఆ సాధనం ఆశ వదులుకుంది. పంపినవి ఐదు వందలు. వచ్చినవి నాలుగు వందల తొంభై తొమ్మిది. రానిది ఏదో చూశాను. రెండు వందల ఏడు. తిమ్మప్ప.

నవ్వాను. అబద్ధం చెప్పను, మొదటిసారి నవ్వే వచ్చింది. బావకి ఫోను చేశాను.

"ఐదు వందల్ల ఒకటి పోతే ఏమైతదిరా? పండుకో," అన్నాడు నిద్రమత్తులో.

"పోయింది నేనే బావా."

"నువ్వెప్పుడో పోయినవ్ లే. ఫోన్ పెట్టు."

మళ్ళీ నడిపాను. మళ్ళీ మళ్ళీ నడిపాను. అదే. నాలుగు వందల తొంభై తొమ్మిది. సర్వరుకి బరువెక్కువై తప్పితే ఒకసారి మూడు తప్పుతాయి, ఒకసారి పది. ప్రతిసారీ ఒకే ఒకటి తప్పదు. ప్రతిసారీ అదే పేరు తప్పదు. ఆ లైనులో ఏదో పాడు ఉందేమోనని నా పేరు తీసి ఫైలు చివర పెట్టాను. రెండు వందల ఏడో చోట వేరే పేరు. ఎంటర్.

రెండు వందల ఏడు తిరిగొచ్చింది. చివర్న ఉన్న నేను రాలేదు.

అప్పుడు నవ్వు పోయింది. బయట కుక్క కూడా మొరగడం లేదు. గోడ గడియారం రెండున్నర. ఇంకో అరగంటలో అమ్మ లేస్తుంది. ఏం చెప్పాలి? బాగుందనా, బాగాలేదనా?

నా పేరు తీసేశాను. పూర్తిగా. ఇప్పుడు ఫైల్లో పేర్లు నాలుగు వందల తొంభై తొమ్మిది. రెండుసార్లు చూసుకున్నాను. పంపాల్సిన లెక్క కూడా అంతే కొట్టాను. ఎంటర్.

ఫ్యాను లేచింది.

వంద... రెండు వందలు... మూడు... నాలుగు... నాలుగు వందల తొంభై తొమ్మిది. అయిపోయింది. ఊపిరి వదిలాను. ఫ్యాను తగ్గాలి. తగ్గలేదు. ఇంకా ఎవరి బరువో మోస్తున్నట్టు... గుర్ర్ర్ మంటూనే ఉంది. చిట్టీ రావాలి. రావడం లేదు. కర్సరు వెలుగుతోంది... ఆరుతోంది... వెలుగుతోంది...

అప్పుడు వినబడింది.

టక్.

నా వెనక. జిరాక్సు మిషను పక్కన గాజు కౌంటరు ఉంది. దాని మీద. ఇత్తడి బిళ్ళ కొట్టిన చప్పుడు. ఆ చప్పుడు నేను చిన్నప్పుడు బువ్వ గిన్నె పట్టుకుని కొన్ని వందలసార్లు విన్నాను. నాకు తెలియదా...

ఫ్యాను ఠక్కున తగ్గింది.

చిట్టీ వచ్చింది. పంపినవి నాలుగు వందల తొంభై తొమ్మిది. తిరిగొచ్చినవి ఐదు వందలు.

నేను వెనక్కి తిరగలేదు. ధైర్యవంతుడైతే తిరిగేవాడు. నేను జోకులు వేసేవాణ్ణి. "అమ్మా," అన్నాను మెల్లగా. లోపల గురక వినబడుతోంది.

ఇలాంటి లెక్క వస్తే ఈ పని తెలిసినవాడు ఎవడైనా చేసేది ఒకటే. మళ్ళీ నడపడం. పై బాణం మీట నొక్కితే అదే లైను మళ్ళీ వస్తుంది. నొక్కాను. లైను వచ్చింది. వేలు ఎంటర్ మీద పెట్టాను... నాయన ముద్ద దింపేసిన చెయ్యి గుర్తొచ్చింది.

వేలు తీసేశాను.

పరీక్షలో ఎక్కిన పేర్లన్నీ సైటు నుంచి తుడిచేశాను. టోకెన్ల పట్టిక ఖాళీ అయిందని కళ్ళారా చూశాను. అంతలో గురక ఆగింది. అమ్మ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. గడప దగ్గరి చెప్పుల్లో ఒక కాలు పెట్టింది.

"ఏమైంది? లెక్క కుదిరిందా?"

"ఆ... కుదిరింది."

నా మొహం చూసింది. ముప్పై ఏళ్ళు బిళ్ళలు లెక్కపెట్టినవాడితో కాపురం చేసిన మనిషి.

"తక్కువనా, ఎక్కువనా?"

నేను తెర వైపు తిరిగాను.

"మళ్ళ లెక్కవెట్టినవా?"

"లేదమ్మా."

"మంచి పని చేసినవ్." చెప్పులోంచి కాలు తీసింది. "నేను పోను. దా, లోపల పండుకో. దీపం ఆర్పకు."

పొద్దున ఏడు గంటలకు సైటు తెరిచాం. ఆగలేదు. ఒక్కసారి కూడా నత్తి కొట్టలేదు. గోదాము ముందు ఆ సంవత్సరం చెప్పుల వరసే లేదు. అమ్మకి నలభై మూడో టోకెన్. మధ్యాహ్నం బావ ఫోను చేశాడు.

"శెభాష్ రా. అన్నీ ఇచ్చినం. ఒక్క సంచి మిగిలింది. ఈ రెండు వందల ఏడు ఎవడు? పేరు లేదు, ఫోన్ నంబర్ లేదు."

"పేరు లేకుంటే సైటు తీసుకోదు బావా."

"తీసుకుంది మరి. చూసి జెప్పు."

చూశాను. రెండు వందల ఆరు ఉంది, రెండు వందల ఎనిమిది ఉంది. మధ్యలో టోకెన్ ఉంది, మనిషి లేడు. రాయచూర్లో కంప్యూటర్లు చదివిన స్నేహితుడికి చూపించాను. ఒకే జవాబును రెండుసార్లు లెక్కపెట్టి ఉంటుంది, నీ సైటులో బొక్క ఉంది, దాంట్లోంచి ఖాళీ పేరు దూరింది అన్నాడు. అయ్యుండొచ్చు. చదువుకున్నవాడు. ఆ టక్ సంగతి మాత్రం అతనికి చెప్పలేదు.

ఆ సంచి ఇంకా గోదాములోనే ఉంది. ఎవరికైనా ఇచ్చేయమన్నాను బావకి. "వచ్చి అడిగితే?" అన్నాడు. నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు.

ఈ సంవత్సరం విత్తనాలు వచ్చాయి. సైటు ఎల్లుండి తెరవాలి. తెరిచే ముందు పరీక్ష చేయకపోతే తప్పు, ఆగిపోతే మళ్ళీ చెప్పుల వరస. ఈసారి పేర్లు నాయన నోటుబుక్కులోవి కాదు, నేనే కల్పించాను. నల్ల కిటికీ తెరిచాను. లైను టైపు చేశాను. టైపు చేసింది పొద్దున, వెలుతురులో... ఇప్పుడు సాయంత్రమైంది. ఎన్ని పంపుతానో నాకు తెలుసు. ఎన్ని తిరిగొస్తాయో తెలియదు.

కర్సరు వెలుగుతోంది... ఆరుతోంది. ఎంటర్ ఇంకా నొక్కలేదు.