రెండు రోజుల నీళ్లు

ఊరి చివర ఆ నాలుగంతస్తుల ఇళ్లు లేస్తున్నప్పుడు జనం వాటిని గూళ్లన్నారు. తక్కువ జీతాలవాళ్ల కోసం కట్టినవి. అక్కడ ఉంటున్నామని చెప్పుకోవడం నామోషీ. కూలికి ప్లాస్టరింగ్ చేసిన తాపీమేస్త్రి కూడా గూళ్లే అన్నాడు. గోడకు పూత అయ్యాక అది గట్టిపడేందుకు ఏడు రోజులు నీళ్లు పట్టాలి. అక్కడ రెండు రోజులు పట్టి ఊరుకున్నాడు. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు. పెద్ద మేడల పనికి పోవాలన్న తొందర కొంత, ఉండబోయేవాళ్లకు ఇది చాల్లే అన్న చులకన కొంత.

తీసుకునేవాళ్లు లేక సగం ఇళ్లకు ఐదేళ్లు తాళాలు వేలాడాయి. ఈలోగా అద్దెలు చుక్కలనంటాయి. మేస్త్రి కుటుంబం మూడు గదులు మారింది, ప్రతిదీ ముందుదానికంటే ఇరుకు. గూళ్లని నవ్విన పంతులమ్మ, కోర్టు గుమాస్తా దరఖాస్తులు పట్టుకుని వరుసలో నిలబడ్డారు. అందరి నోటా ఇప్పుడవి ఫ్లాట్లు.

ఇళ్ల కేటాయింపు లాటరీలో మేస్త్రి భార్య పేరూ వచ్చింది. ఆవిడ కాలు నేల మీద నిలవలేదు. ఇన్నాళ్లూ తాళాలున్న ఆ మెట్ల వరస ఆయన పూసిందే.

తాళం తీసి లోపలికెళ్లగానే ఆవిడ గోడ నిమిరింది. అరచేతికి ఇసుక అంటింది. ఇరవయ్యేళ్లు ఆయన పక్కనే సిమెంటు మాలు తట్టలు మోసిన మనిషి, వేళ్ల మధ్య నలిపి చూసింది.

"నీళ్లు పట్టలేదయ్యా దీనికి. ఏ దద్దమ్మ చేశాడో."

అబద్ధమాడడానికైనా ఓపిక ఉండాలి.

"నేనే," అన్నాడు.

ఆవిడ చేతి ఇసుక చీరకు తుడుచుకుంది. ఇంకెన్ని అని అడిగింది. ఈ మెట్ల వరసంతా, మనదానితో కలిపి పన్నెండు ఇళ్లన్నాడు.

"మనకొస్తుందని తెలిస్తే ఏడు రోజులూ పట్టేవాడివేగా."

మేస్త్రి రాలిన ఇసుకను కాలితో పక్కకు తోశాడు.

"పోయి చెప్పు. మిగతావాళ్లు సామాన్లు సర్దుకోకముందే."

పక్కింట్లో గుమాస్తా మంచం బిగించుకుంటున్నాడు. గోడ సంగతి ఎత్తగానే నవ్వాడు.

"వచ్చీ రాగానే బేరం మొదలెట్టావా మేస్త్రీ? నీ కంటికి ఏ గోడ బాగుంటుందిలే."

"బేరం కాదు సారూ. పాడుచేసింది నేనే. ఆదివారాలొచ్చి చెక్కి, మళ్లీ పూస్తా. కూలొద్దు."

గుమాస్తా గోడ మీద గోరు పెట్టి గీశాడు. పొడి రాలింది. గోడకు ఎడంగా మంచాన్ని గది మధ్యకు లాక్కున్నాడు.

ఇంకా పది తలుపులున్నాయి. మేస్త్రి మోకాలు పట్టుకుని పై అంతస్తు మెట్లెక్కాడు.