డ్రైవర్ దొర గుమ్మం మీది దిష్టిచుక్క

జ్యేష్ఠమాసంలో ఒక ఆదివారం, పట్టపగలు పన్నెండు గంటలకు, లోకోషెడ్డు సైరన్ మోగి ఆగిన వెంటనే, బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా క్వార్టర్ గుమ్మం మీద నేను నా చేత్తో పెట్టిన చుక్క మాయమైంది. ఏ సంవత్సరమని అడక్కండి. ఎనభైల మొదట్లో అని మాత్రం చెప్పగలను. ఆ రోజుల్లో నాకు చదువు రాదు. ‘అంతగా చదువుకోలేదు’ అని మర్యాదగా రాయమని మా కోడలు అంటుంది. అంతగా కాదమ్మా, అసలు. సంతకం అడిగితే బొటనవేలు చాపేవాణ్ణి. ఇప్పుడీ నాలుగు ముక్కలూ సొంతంగా రాస్తున్నానంటే దానికి ఆ చుక్కే కారణం, దాన్ని తీసుకుపోయినవారెవరో వారు కూడా కారణం.

నా ఉద్యోగం వ్యాగన్ల మీద అక్షరాలు రాయడం. (నవ్వకండి. రేకులో కోసిన అచ్చు ఆనించి కుంచె అద్దితే అక్షరం దానంతటదే దిగుతుంది, దానికి చదువెందుకు?) అచ్చు లేనిచోట ముగ్గు చూసి ముగ్గు వేసినట్టు చూసి దింపేవాణ్ణి. నాకు తెలిసిన ఇంగ్లీషులో నిచ్చెనలు, చక్రాలు, కొక్కేలు, పాములు ఉండేవి. పాము అంటే ఎస్ అని తరవాత తెలిసింది. ఈ సామానంతటిలో నన్ను వేధించింది ఒక్కటే. కొన్ని బోర్డుల మీద చివరి పాము పక్కన, నెత్తి ఎత్తున, చిన్న తోక ఉన్న చుక్క. దాన్ని అపాస్ట్రఫీ అంటారని నాకప్పుడెవరు చెబుతారు? వ్యాగన్ల మీద అది కనబడేది కాదు. పాత దొరల ఇళ్ళ మీద, కేకులమ్మే బేకరీ మీద, సూట్లు కుట్టే దర్జీ కొట్టు మీద కనబడేది. నేను బాగా ఆలోచించాను. సర్కారు వ్యాగన్ను చూసి ఎవడూ కుళ్ళుకోడు. బాగుపడ్డవాడి ఇల్లూ కొట్టూ చూసే కుళ్ళుకుంటారు. కాబట్టి మనం పసిపిల్లకి బుగ్గన పెట్టినట్టు, తెల్లవాళ్ళు పేరుకి చెవి దగ్గర దిష్టిచుక్క పెట్టుకున్నారు. ఇంత తేలిక విషయాన్ని ఇంకొకరిని అడగడం నాకే చిన్నతనమనిపించింది.

పెళ్ళవగానే నాకు తార్‌బహార్ వైపు వరసలో ఆఖరి క్వార్టర్ ఇచ్చారు. ఎవరూ పోటీకి రాకపోతే నా అదృష్టం అనుకున్నాను. అంతకుముందు అందులో ఉన్నది ఒక ఆంగ్లో ఇండియన్ మెయిల్ డ్రైవరు. ఒంటరివాడు. డ్యూటీలో ఉండగా ఇంజన్లోనే గుండె ఆగిపోయిందట, ఇంటికి తిరిగి రాలేదు. ఆ తరవాత వచ్చినవాళ్ళెవరూ ఒక్క వేసవి కూడా దాటించలేదు. ఇల్లు పెచ్చులూడిపోతుంటే మాలాంటి చిన్న ఉద్యోగులకి పడేశారు. గుమ్మం పైన చెక్క మీద ఆయన రాయించుకున్న ఇంగ్లీషు మాటలు అలాగే ఉండేవి. ఆయన పేరు, చుక్క, పాము, తరవాత ఇంకో మాట. పేరు ఇక్కడ రాయను. కాలనీలో అందరూ డ్రైవర్ దొర అనేవారు, నేనూ అలాగే అంటాను.

మా ఆవిడ నా మేనత్త కూతురే. కాపురం పెట్టించడానికి మా అత్త కూడా పలాస నుంచి వెంట వచ్చింది. వచ్చిన మర్నాటి నుంచే మొదలైంది. రోజూ పన్నెండింటి సైరన్ ఆగగానే, వరండాలో ఎవరో బరువైన రేకుపెట్టె దించిన చప్పుడు. డ్రైవర్లూ గార్డులూ డ్యూటీకి మోసుకెళ్ళే పెట్టె దించితే ఎలా ఉంటుందో అచ్చం అలాగే. కాసేపాగి బూట్ల తాళ్ళు లాగుతున్న సవ్వడి, చివర ఒక నిట్టూర్పు. తలుపు తీస్తే ఎవరూ ఉండరు. నేను షెడ్డులో ఉండేవాణ్ణి కాబట్టి ముందు నమ్మలేదు. ఆదివారం ఇంట్లో ఉండి విన్నాను. ధైర్యం చేసి బయటికి వెళితే, కాలు పెడితే బొబ్బలెక్కే గచ్చు మీద ఒక్కచోట, పెట్టె పట్టేంత మేర, చల్లగా ఉంది. బావిగట్టు మీది చల్లదనం. (బిలాస్‌పూర్ ఎండలు తెలిసినవాణ్ణి, ఒక్క క్షణం దాని మీద కూర్చోవాలనిపించింది. కూర్చోలేదు.)

మా అత్త ఆ పూటే తేల్చేసింది. “ఒరే అల్లుడా, నా పిల్లని దెయ్యాల కొంపలో ఒగ్గీసి నానెల్లను. దీన్ని కూడా తోలుకెల్లిపోతాను. నీకు పెల్లాం కావాలో కోటరు కావాలో నువ్వే చూసుకో.” మా ఆవిడ చీరలు మడతపెట్టడం మొదలెట్టింది. నాకు దెయ్యం కంటే ఆ మడతపెట్టడమే ఎక్కువ భయమేసింది. క్వార్టర్ వదిలేస్తే ఇంకోటి ఇప్పట్లో రాదు. వెళ్ళిన పిల్ల ఇక తిరిగి రాదు.

వరండాలో నిలబడి దిక్కులు చూస్తుంటే గుమ్మం మీది చెక్క కంటపడింది. అక్షరాలన్నీ బాగానే ఉన్నాయి. చుక్క ఒక్కటే వెలిసిపోయింది. అదీ సంగతి, దిష్టిచుక్క చెరిగిపోయింది, ఇల్లు ఎలా కుదురుగా ఉంటుంది? షెడ్డు నుంచి నల్లరంగు తెచ్చి, పాత చుక్క మీదే, పాత తోకతో సహా, నిండుగా దింపాను. మర్నాడు సైరన్ మోగింది. చప్పుడు లేదు. ఆ మర్నాడూ లేదు. మా అత్త మూట విప్పింది.

పక్క క్వార్టర్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ ఉండేవాడు. బొబ్బిలివాడు, అందరికీ బొబ్బిలి బావ. వాడి మేక మేత ముట్టడం లేదని పట్టుకొచ్చాడు. చెవి దగ్గర చుక్క పెట్టాను. ఆ సాయంత్రం అది దండెం మీది లుంగీతో మొదలుపెట్టి మెత్తగా ఉన్నవన్నీ తినేసింది. అక్కణ్ణుంచి నా పేరు సదర్ బజార్ దాకా పాకింది. బోర్డు మీద పాము కనబడిన ప్రతిచోటా చుక్క పెట్టాను. గుడ్ల కొట్టుకి, చెప్పుల కొట్టుకి, సైకిళ్ళ కొట్టుకి పెట్టాను. పాము లేని బోర్డువాళ్ళు చిన్నబుచ్చుకుంటే పామును కూడా నేనే కలిపి పెట్టాను. ఇప్పటికీ ఊళ్ళో ఏ పాత బోర్డు మీదో అక్కర్లేనిచోట ఆ చుక్క కనబడితే చదువుకున్న పిల్లలు నవ్వుకుంటారు. నవ్వండి నాయనా. మీ ముందున్నది దాని మూలపురుషుడే.

తరవాత చుక్కలు పోవడం మొదలైంది. ముందు గుడ్ల కొట్టుది, మర్నాడు చెప్పుల కొట్టుది. అక్షరాలకి ఏమీ కాలేదు, చుక్క ఉన్నచోట మాత్రం తడి మచ్చ. వడగాడ్పుకి వీధులన్నీ తలుపులేసుకునే మిట్టమధ్యాహ్నం వేళే పోయేవి. ఆ మచ్చల దగ్గర కిరసనాయిలు వాసన, దానిలో ఏదో పాతకాలపు అత్తరు కలిసిన వాసన. టీ కొట్టువాడు రేకుసందులోంచి చూశానన్నాడు. తెల్లగౌను, తెల్లగొడుగు, కింద పాదాలు లేవు. దెయ్యం దిష్టిచుక్కల్ని నాకేస్తోందని ఊరు తేల్చేసింది. మా గుమ్మం మీది చుక్క మాత్రం చెక్కుచెదరలేదు. అయినా మా వరండాలో పెట్టె దించిన చప్పుడు తిరిగి వచ్చింది, ఈసారి తలుపుకి ఇంకాస్త దగ్గరగా. మా అత్త మళ్ళీ మూట కట్టింది. ఆదివారం సాయంత్రం బండికి ప్రయాణం.

ఆ ఆదివారం పొద్దున్న గుమ్మం మీది చుక్కను చేత్తో తడిమి చూసుకుని బయల్దేరాను. ఒక జేబులో ఉల్లిపాయ (వడదెబ్బకి), ఇంకో జేబులో నిమ్మకాయ (దెయ్యానికి). ఆ తెల్లగౌనును ఆపితే మా ఇంటి చప్పుడూ ఆగుతుందని నా లెక్క. బజారు మొగలో ఎండ నీళ్ళలా కదులుతోంది. అందులో, మూసేసిన సైకిళ్ళ కొట్టు ముందు, తెల్లగా ఒక ఆకారం నిలబడి ఉంది. నిజంగానే పాదాలు లేవు, ఆవిరిలో కరిగిపోయాయి. సన్నటి చెయ్యి పైకి లేచి బోర్డును తాకింది. జేబులో నిమ్మకాయ పట్టుకుని ఎవరది అన్నాను. అది నెమ్మదిగా వెనక్కి తిరిగింది. కాగితంలాంటి ముఖం, దాని మీద లావుపాటి కళ్ళద్దాలు.

దెయ్యాలకి కళ్ళద్దాలు ఉండవన్న సంగతి నా బుర్రకెక్కేలోపు ఆవిడ హిందీలో అడిగింది, “ఊరంతా బోర్డుల మీద ఈగలు వాల్చింది నువ్వేనా?” గొడుగు కొన నా పొట్టకి ఆనించింది. రైల్వే స్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మిస్సమ్మట. ఎప్పుడో పోయిందనే అందరమూ అనుకున్నాం. జనం తిరిగేటప్పుడు ఆ తప్పు చుక్కలు తుడిస్తే కొట్లవాళ్ళు తగువుకొస్తారని ఎండవేళ వస్తోందట. ఎందుకు పెట్టావని అడిగింది. దిష్టి అని చెప్పాను. సరిగ్గా అప్పుడు సైరన్ మోగింది. మా ఆవిడ గుర్తొచ్చి ఇంటికి వెళ్ళాలన్నాను. ఏ క్వార్టర్ అంది. చెప్పాను. ఆవిడ ముఖంలో కోపం పోయింది. చేతిలోని కిరసనాయిలు గుడ్డముక్క సంచీలో పెట్టుకుని నా వెంట నడిచింది.

మేం చేరేసరికి మా అత్త గదిలో మూట మీద కళ్ళు మూసుకుని కూర్చుంది. మా ఆవిడ ఒక్కతే వరండాలో ఉంది, తలుపు బార్లా తీసుంది. ఆ చల్లటిచోట గచ్చు మీద గ్లాసుడు మజ్జిగ.

ఏం చేశావని అడిగాను. సైరన్ కంటే ముందే వచ్చి నిలబడిందట. చప్పుడు కోసం చూడకుండా తనే మాట్లాడిందట, ఇంటి పెద్దతో మాట్లాడినట్టు. “దొరా, నీ డూటీ అయిపోనాది. ఈ మజ్జిగ తాగి ఎల్లిపో. నాకు ఈ ఇల్లు కావాల. నాను మాయమ్మతో ఎల్లను.” (ఆ ఆఖరి మాట లోపలున్న తల్లికి వినబడేట్టే అంది. నాతో మాత్రం అంతవరకు అనలేదు.) తరవాత గొంతు తగ్గించి నాకు చెప్పింది, “ఇయ్యాల దించిన చప్పుడు కాదు మావా. ఎత్తిన చప్పుడు.”

నేను తలెత్తి చూశాను. గుమ్మం మీద పేరుంది, పాముంది. చుక్క లేదు. తడి లేదు, వాసన లేదు, అక్కడ ఎప్పుడూ రంగు పడనట్టు చెక్క ఉంది. మిస్సమ్మ వైపు తిరిగాను. తను కాదంది, సైరన్ మోగినప్పుడు నా ఎదురుగానే ఉన్నానంది. “అయినా ఇది నేను తుడవను. నువ్వు పెట్టినవాటిలో ఉండాల్సినచోట ఉన్నది ఇదొక్కటే.” ఆ చుక్క ఉంటే ఇది ఫలానావాడిది అని చెప్పినట్టట. తను చూసినన్నాళ్ళూ ఈ గుమ్మం ఆయనది అనే చెప్పిందట. అంటూ గొడుగు మూసింది.

“ఏటంతోంది?” అంది మా ఆవిడ. తెలుగులో చెప్పాను. గుమ్మం వంక చూసి, “అయితే వొగ్గీసినాడు,” అని లోపలికి వెళ్ళి, తల్లి కూర్చున్న మూటలోంచి తన చీరలు లాక్కుంది. మా అత్త ఆ సాయంత్రం బండికి ఒక్కతే వెళ్ళింది. బండి కదిలేటప్పుడు కిటికీలోంచి నాతో అన్న మాట, “దాని మజ్జిగ రుచి చూసే పారిపోయుంటాడురా, నువ్వూ జాగర్తగుండు.”

ఆ చప్పుడు మళ్ళీ వినబడలేదు. ఆ చల్లటిచోటు మిగతా గచ్చులాగే కాలిపోయింది. మిస్సమ్మ నన్ను వదల్లేదు. తుడవడానికి తోడు రమ్మని, తుడిచేచోటల్లా ఒక్కో అక్షరం చెప్పింది. పాములూ నిచ్చెనలూ నాకలా అక్షరాలయ్యాయి. ఆ ఊపులో తెలుగు రాయడం కూడా పట్టుబట్టి నేర్చుకున్నాను.

ఇప్పుడు ఉండాల్సినచోట కూడా ఆ చుక్క ఉండటం లేదు. కంప్యూటర్లో అచ్చేసిన బోర్డుల మీద లేదు, మా మనవలు ఫోన్లలో రాసుకునే ఇంగ్లీషులో లేదు. బద్ధకం తాతా అంటారు వాళ్ళు. కావచ్చు. అలాంటి బోర్డు కింద నిలబడితే నాకు మాత్రం ఇక్కణ్ణుంచి కూడా ఎవరో పెట్టె ఎత్తుకుని వెళ్ళిపోయారా అనిపిస్తుంది. చేతిలో కుంచె, జేబులో నిమ్మకాయ పెట్టుకుని, లోకమంతటికీ దిష్టి తీయబోయిన ఆ కుర్రాణ్ణి తలుచుకుని నాలో నేనే నవ్వుకుంటాను.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళు వీళ్ళు. మూట మీద మా అత్త, గుమ్మంలో మా ఆవిడ, గొడుగు మూసిన మిస్సమ్మ, గోడ మీంచి తొంగిచూస్తున్న బొబ్బిలి బావ, వాడి మేక, నేను. డ్రైవర్ దొర కూడా ఉన్నాడు, కానీ మేం చేరేసరికే బయల్దేరిపోయాడు.