వాలెంటి కోపెచ్ రెండో చావు

రొజాలియా కోపెచ్ భర్త వాలెంటి, తను బతికున్నంతకాలం ఒక్క ఎన్నికలోనూ ఓటు వెయ్యలేదు. పోయాక మాత్రం ఒక్కటీ మానలేదు.

పోలండు నుంచి వలసొచ్చిన వాలెంటి, ఉక్కు కొలిమి దగ్గర గొలుసు తెగి మీద పడి పోయి మూడేళ్లయింది. అప్పటినుంచి రొజాలియా పోర్ట్ లార్కిన్ నగరంలో ఒక బ్యాంకు మెట్లు తోముతూ ఇద్దరు ఆడపిల్లల్ని సాకింది. పంతొమ్మిది వందల ముప్పై మూడు చలికాలంలో ఆ బ్యాంకు మూతపడింది. మెట్లు మిగిలాయి గానీ తోమించుకునేవాళ్లు మిగల్లేదు.

వితంతు భత్యం కోసం అర్జీ పెట్టుకుంటే, సాయం కార్యాలయంలో కళ్లజోడు ఉద్యోగిని రెండు కాగితాలు పక్కపక్కన పరిచింది.

"ఇదేమో మీ ఆయన పోయాడంటోంది. ఇదేమో మొన్న నవంబరులో ఓటేశాడంటోంది. సంతకం కూడా ఉంది."

"మా ఆయనకి సంతకం రాదమ్మా. ఇంటూ గుర్తు పెట్టేవాడు."

"ఆ తర్వాత నేర్చుకుని ఉంటాడు. రెండింట్లో ఓటర్ల పుస్తకమే కొత్తది. కొత్తదే చెల్లుతుంది. అందులో పేరు కొట్టేయించుకు రండి."

రొజాలియా తలవంచుకుని బయటికొచ్చింది. సంగతి ఆమెకు తెలియనిదేం కాదు. ప్రతి ఎన్నికకూ ఓటుకొకటి చొప్పున పార్టీవాళ్లు పందితొడ పంచేవారు. ఆమె ఇంటికి రెండు వచ్చేవి. రెండోది ఎవరిదని ఆమె ఎన్నడూ అడగలేదు.

ఆ వీధికి పార్టీ మనిషి టిమ్ డెవ్‌లిన్. వీధి దీపం వెలగాలన్నా, తాగి దొరికిన కొడుకు ఠాణా నుంచి ఇల్లు చేరాలన్నా ఆయన చెయ్యి పడాల్సిందే. రొజాలియా తిన్నగా ఆయన దగ్గరికే వెళ్లింది.

"డెవ్‌లిన్ గారూ, మా ఆయన్ని చంపెయ్యండి."

డెవ్‌లిన్ నోట్లోని చుట్ట జారబోయింది. విషయం విన్నాక మళ్లీ కుదురుకుంది.

"వచ్చే మంగళవారమే కదమ్మా నగర ఎన్నిక. పోయినసారి మనం గెలిచింది పదకొండు ఓట్లతో. అందులో తొమ్మిదిమంది శ్మశానంలోవాళ్లే. ఇప్పుడు మీ ఆయన్ని తీసేస్తే మిగతావాళ్ల పెళ్లాలూ వచ్చి కూర్చుంటారు. ఓపిక పట్టు, ఓ బస్తా బొగ్గు పంపిస్తా."

"బస్తా పదిరోజులు మండుతుంది. ఆ తర్వాత నేనూ ఆయన పక్కకే చేరతాను. మీకు ఇంకో ఓటు."

"ఛ, అవేం మాటలు!" అన్నాడు గానీ, ఆయన కళ్లు కాసేపు లెక్కలో పడ్డాయి.

మంగళవారం ఓటింగు యూజెఫ్ మంగలి దుకాణంలో పెట్టారు. ఎన్నికల పెద్ద కూడా యూజెఫే. రొజాలియా నల్లబట్టలు కట్టుకుని వచ్చి, తన ఓటు వేసి, క్షవరానికి వచ్చినవాళ్లు కూర్చునే బల్లమీద కూర్చుంది. పది గంటలకు ఆరడుగుల ఎర్రజుట్టు ఐర్లండు మనిషి ఒకడు వచ్చాడు.

"పేరు?"

అతను చొక్కా చేతిమడత చూసుకుని, "వాలెంటైన్... కోపెక్" అన్నాడు.

రొజాలియా ఒక్క ఉదుటున వెళ్లి అతని కాలరు పట్టుకుంది.

"వచ్చావా నా రాజా! మూడేళ్లకి దారి తెలిసిందా! చూడండయ్యా, బట్టతలతో పోయినవాడికి ఎంత జుట్టు! పైలోకం నీళ్లు బాగా పడ్డట్టున్నాయి!"

"అమ్మా, నువ్వెవరో నాకు..."

"పేరు గుర్తుంది గానీ పెళ్లాం గుర్తులేదట! పద ఇంటికి. పైకప్పు కారుతోంది, పిల్లలకి జోళ్లు లేవు. ఓటేసే ఓపిక ఉన్నవాడికి పని చేసే ఓపిక ఉండదా?"

వరసలో ఎవరో అరిచారు: "పోలండువాడై పోయి ఐర్లండువాడై లేచాడు! పాపం, నరకానికే పోయినట్టున్నాడు!"

యూజెఫ్ పక్కన కూర్చున్న ఎదుటి పార్టీ అధికారి పెన్సిలు పైకెత్తాడు. "ఈయన వాలెంటి అయితే ఈవిడతో పంపండి. కాకపోతే జైలుకి పంపండి."

ఎర్రజుట్టువాడికి రెండూ ఒకటేలా కనిపించాయి. గోల విని డెవ్‌లిన్ లోపలికి పరుగెత్తుకొచ్చాడు.

"యూజెఫ్ అన్నా," అంది రొజాలియా, కాలరు వదలకుండానే. "పెట్టెలో పెట్టేముందు ఆయనకి గడ్డం గీసింది నువ్వు. నువ్వే చెప్పు."

యూజెఫ్ నేల చూపులు చూశాడు. వాలెంటి మూడేళ్ల కిందటే పోయాడని రాస్తే, ఆ తర్వాతి ఓట్ల పక్కన ఉన్న తన సంతకాలేం కావాలి? అతనూ, డెవ్‌లినూ, ఎదుటి పార్టీ అధికారీ ముగ్గురూ అద్దం ముందు తలలు దగ్గర పెట్టుకున్నారు. ఎదుటి పార్టీ అధికారి అనుకున్నంత పట్టుపట్టలేదు. ఆయన పార్టీకీ ఆ శ్మశానంలో మిత్రులున్నారు. చివరికి యూజెఫ్ పుస్తకంలోనూ, ఒక విడి కాగితం మీదా ఇలా రాశాడు: 'కోపెచ్ వాలెంటి. ఈ రోజు ఉదయం ఓటుకు వస్తూ మరణించెను.'

ముగ్గురి సంతకాలూ ఆరాకే రొజాలియా కాలరు వదిలింది.

"ఇవాళేనా! అయ్యో పాపం!" అంది సాయం కార్యాలయంలో కళ్లజోడు ఉద్యోగిని. కాగితం మీద ముద్ర గుద్దింది. భత్యం వచ్చే సోమవారం నుంచే.

ఇవాళ పోయాడంటే ఇవాళ చావు భోజనం పెట్టాలి, లేకపోతే నలుగురూ అనుమానిస్తారు. ఖర్చు డెవ్‌లిన్‌దే అయింది. సాయంత్రం రొజాలియా వంటింట్లో ఆయన టోపీ తీసి, వాలెంటి ఆఖరి అడుగుదాకా పార్టీకోసమే నడిచాడని గద్గద స్వరంతో చెప్పాడు. ఇరుగుపొరుగు నవ్వు బిగబట్టుకుని విన్నారు.

గుమ్మం అవతల ఎర్రజుట్టు మనిషి చేతుల్లో టోపీ నలుపుకుంటూ నిలబడ్డాడు. పొద్దున్నుంచి ఏమీ తిన్నట్టు లేడు. రొజాలియా క్యాబేజీ కూరా రొట్టే పళ్లెంలో పెట్టి అతనికి అందించింది.

"మొహమాటపడకు నాయనా. నీ చావు భోజనమేగా, కడుపునిండా తిను."