రైట్ టైమ్ బండి

నిన్న ఫోన్‌లో టికెట్ వెతుకుతుంటే కలకత్తా నుంచి విశాఖకు విమానం గంటన్నర అని కనిపించింది.

నా ఎనిమిదో ఏట, ఎండాకాలంలో, విశాఖలో అమ్మమ్మ పోయిందని కలకత్తా దగ్గర ఖరగ్‌పూర్‌లో ఉన్న మాకు ఫోనొచ్చింది.

"కలకత్తా నుంచి విమానమైతే గంటన్నరేనట. ఆఖరిచూపు దక్కుతాది," అని అమ్మ ఏడ్చింది.

నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. "రైల్వోళ్ళం. సేతిలో పాసుండగా విమానమేటి?" అన్నాడు.

రైల్లో పదమూడు గంటలు. బండి లేటు కాకపోతే చాలు, అమ్మమ్మను చూడొచ్చనుకున్నాను. ప్రతి స్టేషన్లో టైమ్‌టేబుల్ సరిచూశాను. దిగగానే, స్టేషన్‌కొచ్చిన మామయ్య దగ్గరికి పరుగెత్తి, "బండి రైట్ టైమ్!" అన్నాను.

మామయ్య తన అక్కైన అమ్మనే చూశాడు. "ఎండలకి ఉంచలేకపోనాం అప్పా. నిన్ననే దహనం సేసీసినాం."

ఆ రోజు బండి లేటు కాలేదని నాన్న ఇప్పటికీ అంటాడు.