పిక్కలు కాల్చిన మనిషి

పలాసలో రైలు దిగేసరికి ఉదయం ఏడు. అప్పటికే చొక్కా వీపుకి అంటుకుపోయింది. అరవై తొమ్మిది, ఏప్రిల్ నెల. మాది కర్నూలు వైపు నుంచి వెళ్ళిన సాయుధ పోలీసు దళం. ఊళ్ళో నన్ను మిలిటరీ ఆయన అంటారు గానీ నేను ఏ సరిహద్దూ చూసినవాణ్ణి కాదు. మన భాష మాట్లాడే జనం మధ్యే తుపాకి పట్టుకుని నిలబడ్డాను. భాష ఒకటే కదా అని మేమూ అనుకున్నాం.

ఆ తిరుగుబాటు రోజుల గురించి ఎవరు చెప్పినా కొండలూ అడవులే చెబుతారు. కింద ఉద్దానంలో, జీడితోటల్లో జరిగింది ఎవరికీ పట్టలేదు. నాకు పట్టింది, వదలలేదు.

సోంపేట వైపు ఒక బడిలో మా మకాం. పాత త్రీనాట్‌త్రీ రైఫిలు, ఒక నీళ్ళసీసా, దోమలు తినగా మిగిలిన నిద్ర. ఇసుక దారి మీద వెదురు అడ్డం కట్టి తనిఖీ. మా జమేదారు ఇచ్చిన ఆర్డరు ఒక్కటే: "చేతులు చూడండి. బాంబు మందు కలిపేటోని చేతులు కాలి ఉంటాయి."

మొదటి రోజు దారిన వచ్చినవాళ్ళందరినీ అరచేతులు చాపమన్నాం. అన్నీ నల్లగా ఉన్నాయి. ఆడవాళ్ళవీ, ముసలివాళ్ళవీ కూడా. వైర్‌లెస్ ఆపరేటర్ టెక్కలికి కబురు చెప్పాడు.

"అనుమానితులు ఎంతమంది? ఓవర్."

"ఊరంతా సార్. ఓవర్."

"తాగావా? ఓవర్."

మూడో రోజు పొద్దున్నే అప్పన్న దొరికాడు. నలభై ఏళ్ళ మనిషి, భుజాన తువ్వాలు. చేతులు మరీ ఘోరం. తోలు ఊడి, వేళ్ళ సందుల్లో పుండ్లు. జమేదారు అతన్ని బడి వరండాలో కూర్చోబెట్టి అడిగాడు. నేను పక్కనే కాపలా.

"చేతులు ఎట్ల కాలినాయి రా?"

"పిక్కలు కాల్సినాను బాబూ."

జమేదారు కుర్చీలోంచి లేచాడు. కొండ దిగువన ఎవరో షావుకారిని కాళ్ళ మీద కాల్చారని ఆ వారమే మాకు కబురొచ్చింది.

"ఎవరి పిక్కలు?"

"మా సావుకారివి బాబూ. ఏటేటా నానే కాలుత్తాను."

మా సీమలో పిక్క అంటే మోకాలి కింద కండ. కాల్చడం అంటే, తుపాకి పట్టినవాడికి ఇంకో అర్థం తోచదు. అప్పన్న దాచలేదు, బొంకలేదు. అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పాడు, అంతే. పది నిమిషాల్లో ఆ జవాబు వైర్‌లెస్ ఎక్కింది: నేరం ఒప్పుకున్నాడు. టెక్కలి నుంచి వ్యాను పంపుతున్నాం అన్నారు. ఆ వ్యాను ఎక్కి కొండవైపు వెళ్ళినవాళ్ళెవరూ తిరిగి రావడం మేం చూడలేదు.

మధ్యాహ్నం ఒంటిగంటకి అతని భార్య నీలమ్మ వచ్చింది. చంకన ఏడాది పాప, నెత్తిన తట్ట. తట్ట దించి గుప్పెడు జీడిగింజలు తీసి జమేదారు ముందు పోసింది.

"ఇవే బాబూ పిక్కలు. బట్టీలో ఏసి కాలుత్తే రసం సిమ్ముతాది. సెయ్యి తినేత్తాది. ఊరందరిదీ ఇదే పని."

"కథలు చెప్పకు."

ఆమె చుట్టూ చూసింది. మూతికి గుడ్డ చుట్టుకుని మూల కూర్చున్న వైర్‌లెస్ ఆపరేటర్ దగ్గర ఆమె చూపు ఆగింది. ముందురోజు వాడు జీడిపప్పు ఊరికే దొరికిందని సంబరపడి పచ్చి గింజ పళ్ళతో కొరికాడు. తెల్లారేసరికి పెదాలు బూరెల్లా పొంగాయి, వేళ్ళు నల్లగా కమిలాయి.

"ఈ బాబు ఏటి, బాంబులు సేసినాడా? గుడ్డ తీయమనండి."

వాడు గుడ్డ తీశాడు. ముందు నేను నవ్వాను, తర్వాత అందరం నవ్వాం. అప్పన్న కూడా నవ్వాడు. జమేదారు ఆపరేటర్ వేళ్ళూ, అప్పన్న వేళ్ళూ పక్కపక్కన పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత మైకు తనే అందుకున్నాడు.

"పొరపాటు సార్. పిక్కలంటే జీడిగింజలంట. మనిషిని వదిలేస్తున్నాం. ఓవర్."

"ఒప్పుకున్నాడని మీరేగా చెప్పింది? పై వాళ్ళకి పేరు వెళ్ళిపోయింది. బండి బయల్దేరింది. ఓవర్."

ఆయన మళ్ళీ చెప్పాడు. గొంతు పెంచి చెప్పాడు. అవతల నుంచి గరగర తప్ప ఏమీ రాలేదు. నాలుగింటికి వ్యాను వచ్చింది. అందులోవాళ్ళకి పిక్కలతో పనిలేదు, పేరుతోనే పని. జమేదారు బడి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. అప్పన్న వ్యాను ఎక్కుతూ, "పొద్దోయేలకి వచ్చెత్తానే" అన్నాడు భార్యతో.

అతను రాలేదు. ఆ రాత్రీ రాలేదు, ఆ నెలా రాలేదు. నీలమ్మ మాత్రం రోజూ బట్టీకి మా అడ్డం దాటే వెళ్ళేది. మేం అడక్కముందే తట్ట దించి అరచేతులు చాపేది. చూడక్కర్లేదమ్మా అన్నా చాపేది. ఊరంతా ఆమెను చూసి అదే పాటించింది. ఎవరూ మాతో మాట మాట్లాడేవారు కాదు. అంతకంటే నాలుగు తిట్టినా తేలిగ్గా ఉండేది.

వానలు మొదలయ్యాక మాకు బదిలీ వచ్చింది. లారీలో పలాస బయల్దేరాం. ఇంటికి పోతున్నామన్న సంతోషం ఒక్కరి మొహంలోనూ లేదు. ఒళ్ళంతా అలసట. ఇసుక దారికి రెండువైపులా పనికి పోతున్న జనం ఆగి, లారీవైపు అరచేతులు ఎత్తారు.

"మనకి టాటా చెబుతున్నారు చూడండి," అని మా వంటవాడు చెయ్యి ఊపాడు. జమేదారు వాడి చెయ్యి పట్టుకుని కిందికి దించాడు.

ఇంటికొచ్చి ఇన్నేళ్ళయింది. యుద్ధం గురించి చెప్పమని పిల్లలు అడుగుతారు. నా కళ్ళకి కనిపించేది ఒక్కటే. ఆ వరసలో చివర నీలమ్మ. తన చెయ్యి ఎత్తలేదు. చంకలో పాప గుప్పిట మూసుకుని ఉంది. ఆ చిన్నివేళ్ళు ఒక్కొక్కటీ విప్పి, ఇంకా ఏ మరకా అంటని ఆ అరచేతిని మాకు చూపించింది.