లాగ్‌లో లేని పేరు

ఆరేళ్లుగా ఒక మాట నా గుండెల మీద కూర్చుని ఉంది. కాచిగూడ స్టేషన్ నుంచి రెండు ఇంజన్లు తెచ్చి లాగించినా కదలదు. నవ్వకండి. గోరంతను కొండంత చేయడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. ఈ ఒక్క కొండను మాత్రం ఇన్నాళ్లూ గోరంతేనని చెప్పుకుంటూ వచ్చాను.

అశోక్ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ మెయిల్ సర్వర్‌ను నేను చూసేవాణ్ణి. భూగోళంలో పనీపాటా లేని దొంగలంతా మా సర్వర్ మీదే పాస్‌వర్డ్‌లు కొట్టి చూసేవారు. అందుకని ఒక కాపలా ప్రోగ్రామ్ పెట్టాను. మూడుసార్లు పాస్‌వర్డ్ తప్పితే ఆ నెట్ చిరునామాను రోజంతా వెలేస్తుంది. "అమాయకుల మీద ఈగ గూడ వాలదు సార్" అని డైరెక్టర్ దగ్గర కోతలు కోశాను.

ఆ ఏడు ఉచిత సీటు పరీక్షలో శివలీల అనే అమ్మాయి మొదటి స్థానంలో వచ్చింది. మహబూబ్‌నగర్ వైపు నుంచి వలస వచ్చిన కుటుంబం. తల్లితోపాటు నారాయణగూడలో ఇటుకలు మోసింది. సీటు దక్కితే చదువు, లేకపోతే మళ్లీ ఇటుకలు. మేమిచ్చిన మెయిల్ నుంచి సాయంత్రం ఐదులోగా ఒప్పుకుంటున్నట్టు రాయాలి. నోటిమాట చెల్లదు. రాయకపోతే సీటు రెండోవారికి. అది డైరెక్టర్ నియమం.

గడువు రోజు మధ్యాహ్నం మూడింటికి ఆమె నా దగ్గరకు వచ్చింది. చిక్కడపల్లి హాస్టల్‌లో, స్నేహితురాలి గదిలో ఉంటోంది. అక్కడి వైఫైలో మెయిల్ తెరుచుకోవడం లేదంది. "వేళ్లకు నిద్రొచ్చిందా తల్లీ? జర చూసి కొట్టు, పో" అన్నాను. నా జోకుకు నేనే నవ్వుకున్నాను.

నాలుగున్నరకు ఎందుకో అనుమానమొచ్చి నిషేధాల జాబితా తెరిచాను. ఆ హాస్టల్ చిరునామా అందులో ఉంది. హాస్టల్‌కంతా ఒకటే వైఫై. ఒక్కరు తప్పు చేస్తే అందరికీ తలుపు మూతే. ఎవరా మహాతల్లి అని లాగ్ తీశాను, అంటే సర్వర్ రాసుకునే చిట్టా. అందులో ఉన్నది నా పేరు.

ఆ హాస్టల్ వార్డెన్ మా వదిన. పొద్దున ఆమె పిలిస్తే వైఫై బాగుచేయడానికి వెళ్లాను. అంతకుముందే నా మెయిల్ పాస్‌వర్డ్ మార్చాను. ఫోన్‌లో మార్చడం మరిచాను. ఆ వైఫైకి తగులుకున్న నా జేబులోని ఫోనే పాత పాస్‌వర్డ్‌ను మళ్లీ మళ్లీ కొట్టింది.

డైరెక్టర్ గదికి పది అడుగులు. ఎందుకు వేయలేదు? శివలీలకు ఫోన్ చేసి, వైఫై తీసేసి చూడమని ఒక్క మాట ఎందుకు చెప్పలేదు? అందరినీ నవ్విస్తూ బతికేవాడికి, అందరూ తనను చూసి నవ్వుతారంటే అంత వణుకెందుకో నాకిప్పటికీ అర్థం కాదు. ఇరవై నిమిషాలు కుర్చీలో అలాగే కూర్చున్నాను. ఐదుకు పది నిమిషాలుండగా గప్‌చుప్‌గా నిషేధం ఎత్తేశాను. అప్పటికే ఆమె మెయిల్ మీద ఆశ వదులుకుని సెంటర్‌కు నడుచుకుంటూ బయలుదేరింది.

ఐదు దాటాక డైరెక్టర్ గదిలో నిలబడ్డాం.

"పొద్దుగాలకెల్లి కొడుతున్న సార్. లోపటికి పోనిస్తలేదు. ఈ సార్‌కు గూడ చెప్పిన," అంది శివలీల.

డైరెక్టర్ నా వైపు తిరిగాడు. "ఏమయ్యా, లాగ్ చూసినవా? నిజంగ కొట్టిందా?"

"చూసిన సార్. ఆమె పేరు ఒక్కసారి గూడ లేదు."

అది అక్షరాలా నిజం. వెలేసిన చిరునామా నుంచి ఎన్నిసార్లు తలుపు తట్టినా ఆ చప్పుడు లోపలికి రాదు, చిట్టాలోకీ ఎక్కదు. ఆ సంగతి ఆ గదిలో తెలిసింది నాకొక్కడికే. నేను అబద్ధమాడలేదని ఇన్నేళ్లూ ఈ నిజంతోనే నన్ను నేను జోకొట్టుకున్నాను. ఇంతకన్నా నీచమైన అబద్ధం ఉంటుందా?

ఆమె తన వేళ్ల వైపు చూసుకుంది.

"అయితే నేనే ఏదో తప్పు కొట్టిన గావచ్చు సార్."

సీటు రెండోవారికి వెళ్లింది. ఆమె హాస్టల్ వదిలిపోయిందని వారం తర్వాత వదిన చెప్పింది. వెతికానా? లేదు. దొరికితే చెప్పాల్సి వస్తుందని.

మీరు క్షమించాల్సిన పనిలేదు, అది మీ చేతుల్లోనూ లేదు. ఆమె మాత్రం ఈరోజుకీ తన వేళ్లనే అనుమానిస్తూ ఉండొచ్చు. అందుకే రాస్తున్నాను. శివలీల పాస్‌వర్డ్ సరిగ్గానే కొట్టింది. ప్రతిసారీ.

ఈ ముక్క రాశాక చేయి కాస్త తేలికపడింది. చేయి మాత్రమే.